రాత్రి పడక, ఉదయం ఇడ్లీ: తిరుపతిలో ఒక క్రైస్తవ షెల్టర్ ఎలా నడుస్తోంది

తిరుపతిలో తిండికి అల్లాడే పరిస్థితి తక్కువ. టీటీడీ నిత్యాన్నదానం 1985 నుంచి నడుస్తోంది, కొండమీదే కాదు, కింద రుయా ఆసుపత్రిలోనూ అన్నప్రసాదం పెడతారు. అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకు ఒక పూట గడిచిపోతుంది, ఆదివారం మాత్రం మూత. పుట్టినరోజుకో, పెద్దల తద్దినానికో బస్టాండు ముందు పొట్లాలు పంచేవాళ్లు కనబడుతూనే ఉంటారు. ఇల్లు లేని మనిషికి అసలు కష్టం రాత్రి పది దాటాక మొదలవుతుంది. యాత్రికుడైతే ఆధార్ చూపించి విష్ణునివాసంలోనో, శ్రీనివాసంలోనో చోటు అడగొచ్చు. కార్డు లేనివాడు ప్లాట్‌ఫారం మీద నడుం వాలిస్తే టికెట్ అడిగి లేపుతారు, అరుగు మీద పడుకుంటే తెల్లారేసరికి తలకింద మూట ఉండదు.

అందుకే షెల్టర్ మంచిదో కాదో తేల్చడానికి వడ్డించే విస్తరి చూస్తే చాలదు. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా లోపల ఏం జరుగుతుందో చూడాలి. ఆ లెక్కన, రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక క్రైస్తవ సేవాసంస్థ నడుపుతున్న ఈ హోమ్ మంచి మార్కులే తెచ్చుకుంటుంది. సరిచేసుకోవాల్సినవీ ఉన్నాయి, అవీ చెబుతాం. పేరూ వీధీ కావాలనే రాయడం లేదు. ఆడవాళ్ల గదిలో మొగుడి దెబ్బలకు భయపడి వచ్చినవాళ్లు ఉన్నారు, వాళ్ల ఆచూకీ నలుగురి ఫోన్లలో తిరగకూడదు. అవసరమైనవాళ్లను 112కో, ఆడవాళ్లయితే 181కో ఫోన్ చేసి పంపించవచ్చు. స్టేషన్ బయట ఆటోవాళ్లకూ దారి తెలుసు.

మగవాళ్లకు 36 మంచాలు, ఆడవాళ్లకు విడిగా, వేరే గేటుతో 14. సాయంత్రం 6కి తెరుస్తారు. వచ్చినవాళ్లకు ముందు ఒక గ్లాసు మజ్జిగ, కూర్చోడానికి బల్ల. తర్వాత పేరు, ఊరు, మాట్లాడే భాష రిజిస్టర్లో రాసి ఒక ఫోటో తీస్తారు. కార్డు లేదని ఎవరినీ వెనక్కి పంపరు. స్నానం ఆ తర్వాతే. ఈ వరస బాగుంది. పొద్దుటినుంచీ ఎండలో తిరిగిన మనిషిని గేటు దగ్గరే బక్కెట్టు చేతికిచ్చి పంపితే చాలామంది అటునుంచి అటే వెళ్లిపోతారు.

ఫోటో విషయంలో ఈ ఊళ్లో ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. దారితప్పిన పెద్దవాళ్లలో చాలామంది గుండు కొట్టించుకుని ఉంటారు. ఇంట్లోవాళ్లు పోలీసులకిచ్చిన ఫోటోలో తెల్లజుట్టు, గడ్డం, పక్కపాపిడి. ఎదురుగా ఉన్న మనిషికి అవేవీ ఉండవు. అందుకే ఇక్కడ పుట్టుమచ్చలు, పచ్చబొట్లు, చెవిపోగు రంధ్రాలు, ఊడిన పళ్లు విడిగా రాసుకుంటారు. తమిళం, కన్నడం, హిందీ తెలిసినవాళ్లు ఒక్కొక్కరైనా డ్యూటీలో ఉంటారు. ఒడియా, బెంగాలీ వస్తే ఫోన్లో ఎవరినో పట్టుకోవాల్సిందే. తన పేరు కూడా చెప్పలేని స్థితిలో ఎవరైనా వస్తే ఆ రాత్రే పోలీసులకు కబురు వెళ్తుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 100 ప్రకారం అలా తిరిగేవాళ్లను రక్షణలోకి తీసుకుని, అవసరమైతే 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాల్సిన బాధ్యత పోలీసులది. ఈ కబురు పంపడం బద్ధకించే షెల్టర్లలో మనుషులు ఏళ్లతరబడి 'పేరు తెలియదు' అనే గడిలోనే ఉండిపోతారు.

ఇక పడక. నిరాశ్రయుల వసతికి కేంద్రం 2013లో పెట్టిన పథకం మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలని చెప్పింది. 36 మంచాలకు 1,800 కావాలి. ఇక్కడి హాలు 1,400 దాటదు. మంచానికీ మంచానికీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందే ఉంటుంది. నాలుగైదు మంచాలు తీసేస్తే గాలి ఆడుతుంది, కానీ ఆ నలుగురైదుగురినీ బయటికి పంపాలి కాబట్టి ఆ పని చేయడానికి ఎవరికీ మనసు రాదు. మంచాలు ఇనపవి, గోడకు జానెడు ఎడంగా వేశారు, నల్లుల బెడద తగ్గడానికి ఇవి రెండూ ముఖ్యం. పరుపులకు రెక్సిన్ తొడుగు. తుడవడానికి సులువే గానీ మే నెల ఉక్కకు వీపు అంటుకుపోతుంది. దానిమీద మందపాటి నూలు దుప్పటి తప్పనిసరి. మంచానికి మూడు దుప్పట్లుండాలి: ఒకటి వాడకంలో, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. ఇక్కడ రెండే ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో దుప్పట్లు ఆరక తడివాసన వేయడానికి కారణం ఇదే.

ఈ హోమ్‌లో మాకు అన్నిటికన్నా నచ్చింది లాకర్లు. మంచానికొక ఇనప పెట్టె, తాళంచెవి మణికట్టుకు దారంతో కట్టిస్తారు. పగలు కూడా సామాను అక్కడే ఉంచుకోవచ్చు. విన్నవాళ్లకు చిన్న సంగతి అనిపించవచ్చు. చేతిలో రెండు మూటలున్న మనిషిని ఏ హోటల్‌వాడూ పనిలో పెట్టుకోడు, ఏ మేస్త్రీ పిలవడు. మూట దింపే చోటుంటేనే కూలికి వెళ్లగలడు. అన్నం పెట్టే చోట్లు పది ఉన్నా, మూట దాచే చోటు ఈ ఊళ్లో వెతుక్కోవాలి.

మరుగుదొడ్లు మగవాళ్ల వైపు నాలుగు. పదిమందికి ఒకటి చొప్పున సరిపోతాయి, కానీ కమోడ్ ఉన్నది ఒక్కటే. మోకాళ్లు వంగని ముసలివాళ్లే సగం ఉన్నచోట ఇంకొకటి, గోడకు పట్టుకోడానికి ఇనప కడ్డీతో, వెంటనే కావాలి. పడిపోయి తుంటి విరిగిన మనిషి మళ్లీ లేచి నడవడం ఎంత కష్టమో సేవ చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

గజ్జి వచ్చినవాళ్ల సంగతి ఇక్కడ సరిగ్గా చూస్తారు. డాక్టరు రాసిన 5 శాతం పర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ల సందుల్లో, గోళ్లకింద కూడా పూసి, రాత్రంతా ఉంచి, ఉదయం స్నానం చేయిస్తారు. వారానికి మళ్లీ ఒకసారి. పక్క మంచాలవాళ్లకు కూడా అదే రోజు పూస్తారు. దురద ఉన్న ఒక్కరికే పూసి ఊరుకుంటే నెల తిరిగేసరికి హాలంతా పాకుతుంది, చాలా హోమ్‌లలో జరిగే తప్పు ఇదే. బట్టలు మరిగే నీళ్లలో నానబెట్టి ఎండలో ఆరేస్తారు, ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి కనీసం మూడు రోజులు పక్కన పెడతారు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్షకు ప్రభుత్వ ఆసుపత్రికి పంపి, ఫలితం వచ్చేదాకా కిటికీ పక్క మంచం ఇస్తారు. షుగరు ఉన్నవాళ్ల పాదాలు రాత్రిపూట ఒకరు లైటు వేసి చూస్తారు. చెప్పుల్లేకుండా నడిచే మనిషికి అరికాల్లో ముల్లు దిగినా తెలియకపోవచ్చు, తెలిసేసరికి పుండు పడుతుంది.

భోజనం రాత్రి 7:30కి, టిఫిను ఉదయం 6:30కి. మధ్యాహ్నం ఆదివారం మాత్రమే వండుతారు, అన్న క్యాంటీన్ మూసే రోజు చూసుకుని పెట్టిన ఏర్పాటు. మిగతా రోజుల్లో మధ్యాహ్నం ఊళ్లో తిండి దొరుకుతుంది కాబట్టి ఆ డబ్బు రాత్రి కాపలాకూ మందులకూ వాడటం తెలివైన పని. రాత్రి 50 మందికి బియ్యం 8 కిలోలు, సాంబారులోకి కందిపప్పు ఒకటిముప్పావు కిలో, చింతపండు పావుకిలో పైచిలుకు, కూరగాయలు 5 కిలోలు, మజ్జిగకు 4 లీటర్ల పెరుగు. మనిషికి 160 గ్రాముల బియ్యం పడుతుంది. పెళ్లి లెక్క వేసే వంటవాళ్లు మనిషికి 120 చాలంటారు. రోజంతా నడిచివచ్చిన మనిషి దగ్గర ఆ లెక్క నిలవదు, రెండో వడ్డనకు గిన్నె అడుగు తేలుతుంది.

బుధవారం, శనివారం రాగి సంగటి. పళ్లు లేని పెద్దవాళ్లకు ఇదే ఇష్టం. 3 కిలోల బియ్యం మెత్తగా, నీళ్లు కాస్త పలచగా ఉండేట్టు ఉడికించి, మధ్యలో 4 కిలోల రాగిపిండి గుట్టగా పోసి, కదపకుండా సన్నసెగమీద పది నిమిషాలు మగ్గనిస్తారు. ఆ తర్వాతే కట్టెతో గెలకాలి. తొందరపడితే పిండి ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది, రాత్రి కడుపునొప్పులు దానివల్లే. తోడుగా పప్పు, ఊరుబిండి అనే వేరుశనగ పచ్చడి. ఊరుబిండిలో మిరపకాయలు తగ్గించమని వంటవాళ్లకు చెప్పాలి, పుండ్లుపడ్డ నోళ్లు తినలేకపోతున్నాయి.

బయటినుంచి వచ్చే వంటకాల్లో ఈ హోమ్ గట్టిగా ఉంటుంది. వండిన వేళ, వండించినవాళ్ల ఫోన్ నంబరు రాసిన చీటీ లేనిదే గిన్నె లోపలికి రాదు. అన్నం, సాంబారు 60 డిగ్రీలకు పైన వేడిగా ఉండాలి. కల్యాణ మండపంలో మధ్యాహ్నం మిగిలిన పెరుగన్నం రాత్రికి తెస్తే తీసుకోరు, తెచ్చినవాళ్లు నొచ్చుకున్నా సరే. వాంతులు, విరేచనాలు మొదలైతే నాలుగు మరుగుదొడ్లతో ఆ రాత్రి ఎలా గడుస్తుందో తెలిసినవాళ్లు పెట్టిన నియమం ఇది. రోజుల తరబడి తినని మనిషి వస్తే ముందు పలచటి గంజి, కొద్దికొద్దిగా. అలాంటివాళ్లకు ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలో లవణాలు పడిపోయి గుండెకు ప్రమాదం. ఐదు రోజులు దాటిన పస్తయితే రుయాకి పంపుతారు.

తిరుపతిలో ఎవరైనా మొదట అడిగేది మతం సంగతి. భోజనానికి ముందు పది నిమిషాలు ప్రార్థన, ఒక పాట ఉంటాయి. వడ్డన దాంతో ముడిపెట్టలేదు. ప్రార్థనలో కూర్చోనివాళ్లు వరండాలో ఉంటారు, గంట కొట్టాక అందరిదీ ఒకే వరస. నుదుట నామంతో, మెడలో తులసిమాలతో భోంచేస్తున్నవాళ్లు అక్కడ ఎప్పుడూ ఉంటారు, తీయమని ఎవరూ అనరు. మంచాల మీద కరపత్రాలు పెట్టరు. రిజిస్టర్లో మతం గడి లేదు. ఇది ఇలాగే ఉండాలి, ఎందుకంటే ఆకలితో ఉన్న మనిషి దేనికైనా సరేనంటాడు, ఆ సరేకు విలువ లేదని అక్కడి సిస్టర్లకు బాగా తెలుసు. మాకు అభ్యంతరం ఉన్నది చూడవచ్చే బృందాల విషయంలో. సెమీ క్రిస్మస్ రోజుల్లో వచ్చినవాళ్లు అన్నం ప్లేటు చేతికిస్తూ ఫోటోలు తీసుకుంటున్నారు. తలుపు దగ్గర 'ఫోటోలు వద్దు' అని బోర్డు ఉంది, అమలు లేదు. కూతురికి తన స్థితి తెలియకూడదని దాక్కుని బతుకుతున్న తల్లి ఫోటో ఎవరి స్టేటస్‌లోనో తేలితే దానికి జవాబు ఎవరు చెబుతారు?

అన్నిటికన్నా పెద్ద లోపం గేటు. రాత్రి 9:30కి మూస్తారు, తర్వాత పోలీసులో 108 వాళ్లో తెస్తేనే తీస్తారు. హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లకు పని ముగిసేది పదకొండుకు. పనిచేసుకుని నిలబడదామనుకునే మనిషే వీధిలో పడుకోవాల్సి వస్తోంది. 2013 నాటి ఆ కేంద్ర పథకం షెల్టర్‌ని 24 గంటలూ, ఏడాదంతా తెరిచి ఉంచమంది. హోటల్ యజమాని సంతకంతో రాత్రి చీటీ ఇచ్చి, రెండో కాపలావాణ్ని పెట్టుకుంటే సరిపోతుంది. తాగివచ్చినవాళ్లను గొడవ చేయనంతవరకు వరండాలో పడుకోనివ్వడం మాత్రం మంచి పద్ధతి. భార్యాభర్తలు, చిన్నపిల్లలతో వచ్చేవాళ్లకు ఇక్కడ కలిసి ఉండే గది లేదు.

కాగితాల పని నిదానంగా సాగుతుంది, కానీ సాగుతుంది. గుర్తింపు పొందిన షెల్టర్ బాధ్యులు, ఆధార్ జారీచేసే సంస్థ ఉడాయ్ (UIDAI) నిర్ణయించిన నమూనాలో సర్టిఫికెట్ ఇస్తే దాంతో ఆధార్‌కు దరఖాస్తు చేయొచ్చు. ఆధార్ వచ్చాకే బ్యాంకు ఖాతా, రైస్ కార్డు, అర్హత ఉంటే నెలకు 4,000 రూపాయల వృద్ధాప్య పింఛను. ఇదివరకే ఆధార్ తీసుకున్న మనిషికి కొత్తది పెట్టకూడదు, వేలిముద్రల దగ్గర తిరస్కరిస్తారు, నెలలు వృథా. ముందు పాతది పోయిందేమో గట్టిగా అడిగి తెలుసుకోవాలి.

సాయం చేయాలనుకునేవాళ్లకు: డిసెంబరులో కంబళ్లు కుప్పపడతాయి, జూన్‌కి బట్టల సబ్బు కూడా ఉండదు. ఇప్పుడు కావాల్సినవి నూలు దుప్పట్లు, లుంగీలు, నైటీలు, 8 నుంచి 10 సైజు చెప్పులు, ఫినాయిలు, శానిటరీ ప్యాడ్లు, పెద్దవాళ్ల డైపర్లు, గాజుగుడ్డ. పాత చీరలు చాలా ఉన్నాయి, తేవద్దు. నగదు 2,000 రూపాయలు మించితే పన్ను మినహాయింపు రాదు, బ్యాంకు ద్వారా పంపండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎలా పంపినా ఆ మినహాయింపు లేదు. అమెరికాలో ఉన్న కొడుకు పాస్‌పోర్టు ఇంకా భారతదేశానిదే అయితే తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా మామూలుగా పంపవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో సంస్థకున్న ప్రత్యేక ఖాతాకే వెళ్లాలి. పొరపాటున ఇక్కడి ఖాతాలో వేస్తే చిక్కుల్లో పడేది హోమే. సామాను ఇచ్చేవాళ్లు ఉదయం 10 నుంచి 12 లోపు వెళ్లండి. సాయంత్రం 4 దాటితే వంట మొదలవుతుంది, దించుకుని రసీదు రాసే మనిషి దొరకరు.