కంచె పొడుగునా సోలార్ లైట్లు: ఎండ పడితేనే కొనండి

పెరటి కంచెకి వరసగా బిగించుకునే చిన్న సోలార్ లైట్ల గురించి ఇది, పైన ప్యానెల్, కింద ఎల్ఈడీ, వెనకాల స్క్రూ కన్నం, అంతే ఉంటుంది ఆ డబ్బా. బ్రాండ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే అదే డబ్బాని ఎన్నో పేర్లతో అమ్ముతున్నారు, లోపల సరుకు ఇంచుమించు ఒకటే. తీర్పు ముందే చెప్పేస్తా: పగలంతా ఎండ పడే కంచె అయితే ఇంత తక్కువ ఖర్చులో ఇంతకన్నా మంచి పని జరగదు, వైరు లేదు, కరెంటు బిల్లు లేదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచే పని లేదు. చెట్టు నీడలో ఉన్న కంచెకి మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

అట్ట మీద ఎన్ని ఎల్ఈడీలు ఉన్నాయో పెద్ద అక్షరాల్లో వేస్తారు, అది చూసి కొనకండి. చూడాల్సింది బ్యాటరీ. నేను తీసుకున్నదాంట్లో పెన్సిల్ సెల్ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ఉంది, 1.2 వోల్టులు, 600 ఎంఏహెచ్ (అంటే 0.6 ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క). ఆ రెండూ గుణిస్తే ముప్పావు వాట్ అవర్ కూడా లేదు, అంటే లైటు 0.1 వాట్ లాగితే గట్టిగా ఏడు గంటలు, అదీ పగలు పూర్తిగా చార్జ్ అయితేనే. అట్ట మీదేమో రాత్రంతా వెలుగుతుందని రాశారు! నిజంగా జరిగేదేంటంటే మనం పడుకునే దాకా బాగానే వెలుగుతాయి, తెల్లవారుజామున చూస్తే కొన్ని మినుకు మినుకుమంటుంటాయి, కొన్ని ఆరిపోయి ఉంటాయి. నాకైతే అది చాలు, ఆ టైంలో పెరట్లో నాకేం పని.

ఇంకోటి, కొనే ముందు వెనక మూత స్క్రూలతో ఉందా, గమ్ముతో అతికించేశారా చూడండి. రోజూ చార్జ్ అయ్యి డిశ్చార్జ్ అయ్యే బ్యాటరీ ఏడాదికో రెండేళ్లకో నీరసపడుతుంది, మూత ఊడేదైతే కొత్త సెల్ వేసుకుంటే మళ్లీ మొదటిరోజు లాగే వెలుగుతుంది, అతికించేసినదైతే లైటు మొత్తం చెత్తలోకే. వేసేటప్పుడు అదే రకం రీచార్జబుల్ సెల్ వెయ్యాలి, రిమోట్‌లో వేసే మామూలు సెల్ వేస్తే చార్జింగ్ ఎక్కి లీకవుతుంది. లిథియం బ్యాటరీతో వచ్చే సెట్లు కూడా ఉన్నాయి, వాటిలో ఎక్కువ కరెంటు నిలవ ఉంటుంది కానీ వోల్టేజీ వేరు కాబట్టి ఇందులోది తీసి అందులో పెడదాం అనుకోకండి.

నీడ సంగతి ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, ప్యానెల్‌లో చిన్న చిన్న సోలార్ సెల్స్ (ఎండని కరెంటు చేసే ముక్కలు) ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో కలిపి ఉంటాయి, వాటిలో ఒక్కదాని మీద ఆకు నీడ పడినా మొత్తం ప్యానెల్ కరెంటు పడిపోతుంది. కంచెకి తీగలు పాకించిన వాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, పెట్టిన రోజు ఎండ పడుతుంది, తీగ నాలుగు ఆకులేశాక పడదు. ఇంకా చీకటి పడిందో లేదో కనిపెట్టేది కూడా ఆ ప్యానెలే, కాబట్టి వీధి లైటు వెలుతురు నేరుగా దాని మీద పడితే ఇంకా పగలే అనుకుని లైటు వెలగనే వెలగదు. లైటు పాడైందని తిరిగి పంపించే ముందు ప్యానెల్‌ని చేత్తో మూసి చూడండి.

రంగు వార్మ్ వైట్ (కాస్త పసుపు ఛాయ ఉన్నది) తీసుకోండి, 2700 నుంచి 3000 కెల్విన్ అని రాసి ఉంటుంది. 6000 పైన ఉండే తెల్లటి లైటు షాపులో చూసినప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది, పెరట్లో పెడితే మొక్కలన్నీ పాలిపోయినట్టు కనిపిస్తాయి, పైగా నీలం ఎక్కువున్న వెలుతురుకి పురుగులు కూడా ఎక్కువ చేరతాయి. పక్కింటి వాళ్ల కిటికీలోకి కొట్టకుండా ఉండాలంటే వెలుతురు కిందకి పడే మోడలే నయం.

వానకి ఐపీ నంబర్ చూడాలి, దుమ్మూ నీళ్లూ ఎంతవరకు ఆపుతుందో చెప్పేది అదే: ఐపీ 44 అంటే చినుకులు తట్టుకుంటుంది, ఐపీ 65 అంటే దుమ్ము దూరదు, పైపుతో నీళ్లు కొట్టినా ఏమీ కాదు, కప్పు లేని కంచెకి 65 ఉండాలి. నా సెట్ మీద 65 అనే ఉంది, అయినా మొదటి పెద్ద వానకే ఒకదాని అద్దం లోపల ఆవిరి పట్టింది. ఎండలో ఆరబెట్టి పై అతుకుకి సిలికాన్ పూశా, కింద మాత్రం వదిలేశా, లోపలికి పోయిన తేమ బయటకి రావాలి కదా. ఈ విషయంలో మార్కులు తగ్గించాల్సిందే.

బిగించడం సులువే, కానీ ముందు స్విచ్ ఆన్ చేసి ఒక పూర్తి ఎండ తినిపించండి, చాలా మోడళ్లలో స్విచ్ ఆఫ్‌లో ఉంటే చార్జ్ కూడా అవ్వదు. ఆ రాత్రికి తాడుతో కట్టి దూరం నుంచి చూసుకోండి, లైటుకీ లైటుకీ ఆరేడు అడుగుల ఎడం ఉంటే బావుంటుంది, ఇంకా దగ్గరైతే పెళ్లి పందిరి అయిపోద్ది. పెట్టెలో ఇచ్చిన స్క్రూలు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేరే కొనుక్కోండి. చెక్క కంచె అయితే ముందు సన్న కన్నం పెడితే చెక్క చీలదు, సిమెంటు స్తంభమైతే డ్రిల్లు, ప్లగ్గు తప్పవు, ఇనప జాలీకి కేబుల్ టైలు చాలు, నల్లవి తీసుకోండి, తెల్లవి ఎండకి పెళుసెక్కి తెగిపోతాయి.

నీడ వైపు కంచెకి నేను 12 వోల్టుల వైరు లైట్లు వేశా. ఇక్కడ కూడా చవకే కానీ వైరు దగ్గర కక్కుర్తి పడొద్దు. అడాప్టర్ నుంచి చివరి లైటుకి 30 మీటర్లు, మొత్తం లోడు 24 వాట్లు అనుకుందాం, అంటే 2 ఆంపియర్లు. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో, లోడంతా చివరే ఉంటే, రానూ పోనూ కలిపి దాదాపు ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంది, 2.5 వేస్తే ఒక వోల్టులోపే. లైట్లు దారంతా పరుచుకుని ఉంటే నష్టం కొంచెం తగ్గుతుంది గానీ సన్న వైరుకి చివరి లైట్లు డల్ అవ్వడానికి కారణం ఇదే, జనం మాత్రం లైటుని తిట్టుకుంటారు. అడాప్టర్ లోడుకి కొంచెం పెద్దదే తీసుకుని వాన తగలని చోట పెట్టాలి, జాయింట్లకి ఉత్త టేపు చుట్టి మట్టిలో పూడ్చొద్దు, జెల్ నింపిన కనెక్టర్లు దొరుకుతాయి.

గేటు దగ్గర మాత్రం సోలార్‌లోనే మోషన్ సెన్సార్ ఉన్నది పెట్టా, మనిషి వస్తేనే ఫుల్లుగా వెలుగుతుంది కాబట్టి చిన్న బ్యాటరీ కూడా తెల్లారే దాకా ఆగుతుంది. ఒక్కటే గొడవ, పిల్లి తిరిగినా వెలుగుతుంది, సెన్సార్ బుడిపె కింది సగానికి నల్ల టేపు అంటించాక ఆ గొడవ చాలావరకు తగ్గింది.