నాలుగు చలికాలాలుగా వాడుతున్న థర్మోస్టాట్: ఒక్క రాత్రి చేసిన పని

గుడ్లు పొదిగే పెట్టెలకు వాడే, వేడిని బట్టి హీటర్‌ను ఆన్, ఆఫ్ చేసే డిజిటల్ థర్మోస్టాట్‌ను నా కార్న్ స్నేక్ ఉండే ప్లాస్టిక్ టబ్‌కు పెట్టి ఇది నాలుగో చలికాలం. (అమెరికా జాతి పాము ఇది. మన పాములను పట్టి పెంచడం నేరం.) అనంతపురంలో పాముకు హీటర్ ఎందుకని అందరూ అడుగుతారు. జనవరి రాత్రుళ్లు మా గది 19 డిగ్రీలకు దిగుతుంది. ఆ చలిలో తిన్న ఎలుకపిల్ల అరగక కక్కేస్తుంది. అందుకే టబ్ కింద మూడో వంతుకు హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పల్చటి పట్టా) వేసి, థర్మోస్టాట్‌ను 30 డిగ్రీలకు పెట్టాను. రాత్రి మెలకువ వచ్చినప్పుడు మ్యాట్‌ను ఆన్, ఆఫ్ చేసే రిలే స్విచ్ టిక్‌మంటే ఎంత నిశ్చింతో! ఒకసారి సెట్ చేస్తే ఇక చూడక్కర్లేదని స్నేహితులకు చెప్పేవాణ్ణి.

ఇప్పుడు ఆ మాట అనను. పోయిన జనవరిలో టబ్ కడిగి మళ్లీ బల్ల మీదికి జరుపుతుంటే వేడిని కొలిచే సెన్సర్ వైరు తగులుకుని, దాన్ని అతికించిన టేపు ఊడింది. సెన్సర్ కింద కడప బండల మీద పడింది. నేను చూడలేదు. వైరు తెగి ఉంటే థర్మోస్టాట్ ఎర్రర్ చూపించి కరెంటు ఆపేసేది. తెగలేదు కాబట్టి చల్లటి బండను కొలుస్తూ, ఇంకా వేడి కావాలనుకుని తెల్లవార్లూ మ్యాట్‌ను ఆన్‌లోనే ఉంచింది. ఆ రాత్రి టిక్ ఒక్కసారీ వినబడలేదు, నాకు తట్టలేదు.

పొద్దున చూస్తే పాము నీళ్ల గిన్నెలో చుట్టుకుని ఉంది. ఎప్పుడూ అలా పడుకోదు. టబ్ అడుగున చెయ్యి పెట్టలేకపోయాను, ప్లాస్టిక్ ఉబ్బింది. వణుకుతూనే పొట్ట పొలుసులన్నీ వెతికాను. కాలిన మచ్చ లేదు. మిగతా రెండు వంతులు చల్లగా ఉండబట్టే పక్కకు తప్పుకుంది. అలా తప్పుకోకుండా అక్కడే పడుకుని పొట్ట కాల్చుకునే పాములు ఎన్నో.

ఇప్పుడు సెన్సర్‌ను మ్యాట్ మీదే అల్యూమినియం టేపుతో అతికించి, వైరును బల్ల కాలికి కట్టాను. టబ్ లోపల వేరే థర్మామీటర్ పెట్టాను. గాలి ఆడేలా టబ్ కింద నాలుగు మూలలా రబ్బరు బుడిపెలు ఉన్నాయి. వేడిని అడ్డుకుంటుందని మందంగా కోకోపీట్ పోయడం మానేశాను.

నాకున్నది ఒకే పాము, రోజూ చూసుకునే తీరిక ఉంది. మార్చిలో ప్లగ్ తీసేస్తాను, ఆపైన ఇక్కడ టబ్‌ను చల్లగా ఉంచడమే పెద్ద పని. పది టబ్‌లు ఉన్నవాళ్లకు, ఊళ్లు తిరిగేవాళ్లకు ఇదొక్కటే సరిపోతుందని చెప్పలేను. నేనైతే దీన్నే వాడతాను. లోపలి థర్మామీటర్ చూసి, ఆ టిక్ విన్నాకే లైటు ఆపుతున్నాను.