చంద్రుడిపై యాజమాన్యం: 1967 ఒప్పందం, 1979 ఒప్పందం

చంద్రుడి యాజమాన్యం గురించి చెప్పే అంతర్జాతీయ ఒప్పందాలు ప్రధానంగా రెండు. రెండూ ఐక్యరాజ్యసమితిలో రూపుదిద్దుకున్నవే అయినా, వాటి బలం సమానం కాదు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం, సార్వభౌమత్వాన్ని ప్రకటించడం ద్వారా గాని, వాడుకోవడం, ఆక్రమించడం ద్వారా గాని, మరే విధంగా గాని ఏ దేశమూ చంద్రుణ్ణి సొంతం చేసుకోలేదు. 1969లో అపోలో 11 వ్యోమగాములు నాటిన జెండా వల్ల అమెరికాకు అంగుళం నేల కూడా దక్కలేదు. అయితే ఆ నిషేధం దేశాలనే ప్రస్తావిస్తుంది. ప్రైవేటు సంస్థల కార్యకలాపాలకు వాటి దేశాలనే బాధ్యులుగా చేసే ఆరవ అధికరణంతో కలిపి చదివితే, చంద్రుడిపై స్థలాలంటూ అమ్మే పత్రాలకు చట్టబలం లేదనే వాదనే నాకు సబబుగా తోస్తుంది.

1979 నాటి చంద్ర ఒప్పందం వ్యక్తులనూ సంస్థలనూ కూడా స్పష్టంగా చేర్చి, చంద్రుణ్ణీ అక్కడి వనరులనూ మానవజాతి ఉమ్మడి వారసత్వంగా ప్రకటించింది. మాటల స్పష్టతలో ఇదే మేలు. కానీ అమెరికా, రష్యా, చైనా ఇందులో చేరలేదు. భారతదేశం 1982లో సంతకం చేసినా ధ్రువీకరించలేదు.

అసలు చిక్కు తవ్వి తీసిన ఖనిజాలదే. మొదటి ఒప్పందం వాటి గురించి విడిగా ఏమీ చెప్పకపోవడంతో, అమెరికా 2015లోనూ లక్సెంబర్గ్ 2017లోనూ కంపెనీలకు వాటిపై హక్కునిచ్చే చట్టాలు చేశాయి. రెండవది మాత్రం, తవ్వకం సాధ్యమయ్యే దశలో ప్రయోజనాలను న్యాయంగా పంచే అంతర్జాతీయ వ్యవస్థను నెలకొల్పాలంటుంది. నేడు ఆచరణలో నిలిచేది 1967 ఒప్పందమే. కానీ రాకెట్లు లేని దేశాలకు వాటా దక్కే మార్గం 1979 పాఠంలోనే ఉంది.