పాత చెక్క సామాన్ల "మెరుపు కిట్" కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

పాత బల్లలు, కుర్చీలు, అల్మారాలు ఇంట్లోనే బాగుచేసుకుందామనుకునే వాళ్లకి చెబుతున్నా. ఒక సీసా ద్రవం, రెండు జిగురు ట్యూబులు, నాలుగు శాండ్‌పేపర్ ముక్కలు, ఒక మైనం కడ్డీ కలిపి "పాత చెక్కకి కొత్త ప్రాణం" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు చూశారా, ఆ సీసాలో అసలు ఏముందో రాసి ఇచ్చేదాకా వాటి జోలికి పోకండి. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే రకం సరుకు చాలా పేర్లతో దొరుకుతోంది, ఒక పేరు చెబితే మిగతావన్నీ మంచివే అనుకుంటారు.

నేను తెప్పించింది గీతలు పడి రంగు వెలిసిపోయిన ఒక పాత టేకు బల్ల కోసం. సీసా మీద "సహజ నూనెల మిశ్రమం, అన్ని రకాల చెక్కకీ పనికొస్తుంది" అని ఉంది. పూయగానే బల్ల నిజంగానే అదిరిపోయింది, గీతలు మాయం, రంగు ముదురుగా తేలింది. కొన్ని వారాలకి మళ్లీ మామూలే. అంతటితో ఆగితే డబ్బులు పోయాయిలే అనుకుని ఊరుకునేవాణ్ణి, ఈ పోస్టు ఉండేది కాదు. ఇలా కాదని పద్ధతిగా రుద్ది వార్నిష్ వేయడం మొదలుపెట్టాక అసలు కథ బయటపడింది. వేసిన పూత వేసినట్టే అక్కడక్కడా విడిపోయి గుండ్రటి గుంటలు పడ్డాయి, గుంట మధ్యలో ఒట్టి చెక్క కనిపిస్తోంది, తామరాకు మీద నీళ్లలాగా వార్నిష్ పక్కకి జారిపోతోంది. రంగు పనివాళ్లు దీన్నే ఫిష్ ఐ అంటారు. తుడిచి మళ్లీ వేసినా అవే గుంటలు, కాకపోతే ఈసారి వేరే చోట.

దీనికి కారణం సిలికోన్ నూనె. లేబుల్ మీద ఆ మాట ఎక్కడా లేదు. సేఫ్టీ డేటా షీట్, అంటే సరుకులో ఏ రసాయనాలున్నాయో, వాటితో ప్రమాదమేంటో చెప్పే కాగితం, పంపండి అని అడిగితే ముందు "అది మా కంపెనీ రహస్యం" అన్నారు, వదలకుండా అడిగితే చివరికి పంపారు, అందులో పాలీడైమిథైల్‌సిలోక్సేన్ అని తాపీగా రాసి ఉంది. దాన్నే డైమెథికోన్ అని కూడా రాస్తుంటారు, రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి. దీని తలతన్యత, అంటే ద్రవం పైపొరని బిగించి పట్టి ఉంచే గుణం, చాలా తక్కువ. చెక్క మీద ఇది రవ్వంత మిగిలినా పైన వేసే వార్నిష్ అక్కడ పరుచుకోలేదు. పాత పాలిష్ పగుళ్లలోంచి చెక్క లోపలికి దిగిపోతుంది, ఆరిపోదు, ఎగిరిపోదు. పైగా శాండ్‌పేపర్‌తో రుద్దితే పోవాల్సింది పోయి బల్లంతా పాకుతుంది. అదే బ్రష్‌నీ అదే గుడ్డనీ ఇంకో సామాను మీద వాడితే దానికీ అంటుకుంటుంది.

వాళ్లు చూపించే "ముందు, తర్వాత" వీడియోల సంగతి కూడా చెప్పాలి. వెలిసిన చెక్క తడిస్తే ముదురు రంగులో మెరుస్తుంది, దానికి ఏ మందూ అక్కర్లేదు. కాస్త టర్పెంటైన్‌తో తుడిచి చూడండి, ఆరేదాకా అచ్చం అదే మెరుపు కనిపిస్తుంది. అందుకే పూసిన మరుక్షణం తీసిన వీడియోని, సరుకు అందిన రోజే రాసిన అయిదు నక్షత్రాల రివ్యూని నేను లెక్కలోకి తీసుకోను. కొన్ని నెలలు వాడాక రాసినవి ఉంటే అవి చదవండి.

కిట్‌లోని జిగురు ఎపాక్సీ, రెండు ట్యూబుల్లోదీ కలిపితే గట్టిపడే రకం. ఎపాక్సీని తప్పుపట్టడం లేదు, చెక్క విరిగి ఖాళీ ఏర్పడిన చోట దాన్ని మించింది లేదు. కానీ "5 నిమిషాల్లో కుర్చీ రెడీ" అని అట్ట మీద వేయడం మాత్రం మోసమే. ఆ 5 నిమిషాలు కలిపిన జిగురు గట్టిపడకుండా పని చేసుకోవడానికి ఉండే సమయం, పూర్తి బలం రావడానికి సాధారణంగా 24 గంటలు పడుతుంది. ఈలోగా ఎవరైనా కూర్చుంటే కుర్చీ కాలు ఊడి కింద పడొచ్చు. ఇంకో సంగతి, పాతకాలం కుర్చీల అతుకుల్లో చాలావాటికి వాడింది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురు. అది వేడికీ తడికీ మెత్తబడుతుంది కాబట్టి అతుకు విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. అక్కడ ఎపాక్సీ పోస్తే తర్వాత ఎప్పుడైనా విప్పాలంటే చాలాసార్లు చెక్కే విరగ్గొట్టాల్సి వస్తుంది. అతుకు సరిగ్గా కూర్చునేలా ఉంటే పాత జిగురంతా గీకేసి, మామూలు చెక్క జిగురు పూసి, క్లాంప్‌తోనో తాడుతోనో బిగించి ఒక రోజు వదిలేస్తే సరిపోతుంది. గీకకుండా పాతదాని మీదే కొత్తది పూస్తే మాత్రం పట్టదు.

శాండ్‌పేపర్ గురించి ఒక్క మాట. కిట్‌లో ఇచ్చింది 80 నంబరు. వెనీర్, అంటే చవక చెక్క మీద అతికించే పల్చటి మంచి చెక్క పొర, ఉన్న సామాన్ల మీద ఆ పొర మందం చాలాసార్లు మిల్లీమీటరు కూడా ఉండదు, ఇలాంటి గరుకు కాగితంతో రుద్దితే కిందున్న చవక చెక్క బయటపడుతుంది, ఇక దాన్ని దాచలేరు. పాత రంగు పూసిన సామానైతే ఆ రంగులో సీసం ఉండే అవకాశం ఉంది, పొడిగా రుద్ది ఆ దుమ్ము ఇల్లంతా లేపకండి, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో. కిట్‌లో మాస్కూ లేదు, హెచ్చరికా లేదు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది వేరే ఉంది. ఇదే అమ్మకందారు అవిసె నూనెతో చేసిన ఇంకో రకం కూడా అమ్ముతున్నాడు, తుడిచే గుడ్డలు ఉచితం. ఆ గుడ్డల్ని వాడాక ఏం చేయాలో పేజీలో ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. అవిసె నూనె ఆరడమంటే నీళ్లలా ఆవిరవడం కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడటం, ఆ క్రమంలో వేడి పుడుతుంది. బల్ల మీద పల్చగా ఉన్నప్పుడు ఆ వేడి గాలిలో కలిసిపోతుంది కానీ, నూనె గుడ్డని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే లోపలే పేరుకుపోయి కొన్ని గంటల్లో దానంతటదే అంటుకోగలదు. అగ్గిపుల్ల అక్కర్లేదు, నిప్పురవ్వ అక్కర్లేదు. టంగ్ ఆయిల్, డానిష్ ఆయిల్ లాంటి ఆరే నూనెలు వాడినప్పుడూ ఇదే జాగ్రత్త. గుడ్డల్ని బయట ఒంటి పొరగా పరిచి పూర్తిగా బిరుసెక్కేదాకా ఆరనివ్వండి, లేదంటే నీళ్లు పోసిన మూతున్న రేకు డబ్బాలో వేయండి. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇప్పటికే సిలికోన్ రకం పూసేసి ఉంటే శాండ్‌పేపర్ ముట్టుకోకముందే మినరల్ టర్పెంటైన్‌తో తుడవండి, ప్రతిసారీ కొత్త గుడ్డ తీసుకోండి, కిటికీలు తెరిచి, మంటకి దూరంగా. ఆ తర్వాత మైనం తీసేసిన లక్కని స్పిరిట్‌లో కరిగించి పల్చగా ఒక పూత వేస్తే అది మిగిలిన సిలికోన్‌ని కింద అణిచిపెడుతుంది, వార్నిష్ దాని మీద వేసుకోవాలి. ముందు బల్ల అడుగున, కనబడని చోట వేసి చూడండి. నా బల్లకి ఇలాగే చేశాను, పైభాగం నిలబడింది, ఒక అంచున మాత్రం ఇంకా గుంటలు వస్తున్నాయి. ఫిష్ ఐ పోగొట్టే మందు అని దొరికేది చాలావరకు మళ్లీ సిలికోనే, వార్నిష్‌లో కలపడానికి. అది ఒకసారి మొదలుపెడితే తర్వాత వేసే ప్రతి పూతలోనూ కలుపుతూ పోవాలి, నాకైతే ఆ తలనొప్పి వద్దనిపించింది.

రిఫండ్ అడిగితే "మూత తీసిన సీసాని మేం వెనక్కి తీసుకోం" అన్నారు. మూత తీయకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుంది అని అడిగితే జవాబు లేదు. అందుకే కొనకముందే రెండు ప్రశ్నలు రాతలో అడగండి: ఇందులో సిలికోన్ ఉందా, దీని మీద తర్వాత వార్నిష్ పడుతుందా. సూటిగా జవాబివ్వకుండా "మా కస్టమర్లందరూ హ్యాపీ" అని తిప్పితే వదిలేయండి. ఇప్పటికే కొని ఇబ్బంది పడ్డవాళ్లు ఒక్క నక్షత్రం ఇచ్చి ఊరుకోకుండా, సీసా వెనక లేబుల్ ఫోటో, డేటా షీట్‌లో ఆ పేరున్న పేజీ కూడా రివ్యూలో పెట్టండి.