సేర్, ఎష్తార్: పోర్చుగీసులో రెండు 'ఉండటాలు'

పోర్చుగీసు మొదలుపెట్టగానే టెన్షన్ పెట్టేవి ఈ రెండు క్రియలు. శాశ్వతమైనదానికి సేర్, తాత్కాలికమైనదానికి ఎష్తార్ అని చాలామంది చెప్తారు. నాకు ఆ సూత్రం నచ్చదు. చనిపోయినవాణ్ణి 'ఎష్తా మోర్తు' అంటారు, అది ఎష్తారే. చావు తాత్కాలికమా? రేపో మాపో మారిపోయే స్టూడెంట్ హోదాకేమో సేర్ వాడతారు.

మన తెలుగే ఇంతకంటే బాగా దారి చూపిస్తుంది. 'నేను టీచర్ని' అన్నప్పుడు మనకు క్రియ అక్కర్లేదు. అలాంటి చోట సేర్ పెట్టండి: 'సో ప్రుఫెసోర్'. 'అలసిపోయి ఉన్నాను', 'ఇంట్లో ఉన్నాను' అన్నచోట ఎష్తార్ వస్తుంది.

చిక్కల్లా 'గా ఉంది' దగ్గరే. 'మరియా అందంగా ఉంది' అని మనం ఒకే మాట అంటాం. అక్కడ మాత్రం సేర్‌తో 'ఏ బునీతా' అంటే ఆమె అందగత్తె, 'ఎష్తా బునీతా' అంటే ఈ రోజు ముస్తాబై చక్కగా కనిపిస్తోంది. కాఫీ కూడా అంతే. తాగుతున్న కప్పు బాగుంటే ఎష్తార్, కాఫీ అనేదే మంచిదనాలంటే సేర్.

ఊళ్లు, భవనాలు ఎక్కడున్నాయో చెప్పడానికి ఎక్కువగా ఫికార్ అనే మూడో క్రియ వాడతారు.

ముందు ఎష్తార్ నేర్చుకోమంటాను. బ్రెజిల్‌లో అది మాటల్లో 'తో', 'తా'గా కుదించుకుపోయి రోజంతా వినిపిస్తుంది. సేర్ రూపాలు బొత్తిగా క్రమం లేనివి. పైగా దాని భూతకాల రూపం 'ఫూయ్' అంటే 'ఒకప్పుడు ఫలానాగా ఉన్నాను', 'వెళ్లాను' రెండూ అవుతాయి, సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే.