తోలు గీకే కత్తి దేనితో చేయించుకోవాలి? దిమ్మ ఏది మేలు?

బక్రీద్ వెళ్ళిందంటే చాలు, ఒకటే ప్రశ్న మొదలవుతుంది. "మేకతోలు ఉంది, డప్పుకు కట్టుకోవాలి, గీకే కత్తి బండి కింద ఉండే కమాన్ పట్టీతో చేయించాలా, ఇనుము అరగదీసే పాత ఆకురాయితోనా?" తోలుబొమ్మలు చేయడం నేర్చుకుంటున్న పిల్లలూ ఇదే అడుగుతున్నారు. ఇంట్లోనే తంగేడు చెక్కతో, అంటే బెరడుతో, తోలు ఊనాలని (చెడకుండా శుద్ధి చేయాలని) సరదా పడేవాళ్ళదీ ఇదే మాట. జవాబు చెబుతాను గానీ, నా లెక్కలో తోలుకు చిల్లు పడుతుందా లేదా అన్నది కత్తి కంటే, తోలు పరిచి గీకే గుండ్రటి దిమ్మే తేలుస్తుంది. అందుకే కత్తి సంగతి ముందు తేల్చేసి, దిమ్మ దగ్గర కాసేపు ఆగుతాను.

ఆకురాయిది మంచి గట్టి ఉక్కు. పాత ఇనుము కొట్టులో తూకానికి దొరుకుతుంది. ఒక కొసన పిడి దిగేసే తోక ఎలాగూ ఉంటుంది. పళ్ళు అరిగిపోయేదాకా గ్రైండర్ మీద పట్టిస్తే కత్తి అయిపోతుంది. ఇబ్బంది రెండో కొసతోనే. గీకే కత్తికి రెండు చేతుల పిడులు ఉండాలి. రెండో పిడి కోసం బెజ్జం వేద్దామంటే ఆ గట్టిదనానికి మామూలు డ్రిల్ బిట్ దిగదు, ముందు కాల్చి మెత్తబరచాలి. పైగా ఆకురాయి పెళుసు. తడి చేతిలోంచి జారి బండ మీద పడితే విరుగుతుంది. గ్రైండర్ మీద తొందరపడితే అంచు నీలం తిరుగుతుంది, అలా నీలం తిరిగిన చోట పదును నిలవదు. నీళ్ళలో ముంచుతూ ఓపిగ్గా పట్టించాలి.

కమాన్ పట్టీకి ఈ బాధలు తక్కువ. కొడవళ్ళూ కత్తులూ దీనితో చేసిన అలవాటు కమ్మరికి ఉంటుంది కాబట్టి ఎంత కాల్చాలో, ఎలా చల్లార్చాలో మనం చెప్పక్కర్లేదు. దెబ్బ తగిలితే వంగుతుందేమో గానీ ఊరికే విరగదు. ఇంకో లాభం కూడా ఉంది. పట్టీకి పుట్టుకతోనే వంపు ఉంటుంది. ఆ వంపు లోపలి వైపు దిమ్మ గుండ్రదనానికి కాస్త సర్దుకుంటుంది కాబట్టి, గీకినప్పుడు ఒక్క చుక్క మీద కాకుండా కాస్త వెడల్పున తోలుకు తగులుతుంది. లారీ పట్టీ మాత్రం వద్దు, ఆ బరువుకు అరగంటలో భుజాలు పడిపోతాయి. జీపుదో, ట్రాలీ ఆటోదో పల్చటి పట్టీ అడగండి. మొత్తం 18 అంగుళాలు ఉంచి, రెండు వైపులా నాలుగేసి అంగుళాలు పిడులకు వదిలితే సరిపోతుంది. నా ఓటు దీనికే.

దేనితో చేయించినా అంచులు రెండు రకాలుగా పెట్టించండి. ఒక వైపు మొద్దుగా, మూల మట్టంలా చదరంగా ఉండాలి. సున్నంలో నానిన తోలు మీది బొచ్చు తోయడానికి అది చాలు. రెండో వైపు కొద్దిగా పదును, లోపలి కండ, పొరలు తీయడానికి. ఎంత పదును అంటే, అంచును బొటనవేలి గోరు మీద నిలబెట్టి లాగితే తెల్లటి పొడి లేవాలి, గోరు తెగకూడదు. కొత్తవాళ్ళు కూరగాయల కత్తిలా నూరించుకుంటున్నారు. అంత పదును తోలుకు శత్రువు. కత్తి మూలలు కూడా గుండ్రంగా అరగదీయించాలి, లేకపోతే మూల గుచ్చుకుని చీలుస్తుంది.

కారు చవకలో కావాలంటే, మెషీన్ రంపానికి వాడే పెద్ద హాక్సా బ్లేడు పని చేస్తుంది. చేతి రంపపు బ్లేడు వంగిపోతుంది, దండగ. చెప్పులు కుట్టేవారి రంపె వాడొచ్చా అని కూడా అడుగుతున్నారు. అది ఆరిన తోలును కోయడానికి, అంచులు పల్చబరచడానికి. పచ్చి తోలు మీద పెట్టకండి.

ఇప్పుడు దిమ్మ. చిల్లు ఎలా పడుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. తోలు కింద బొచ్చు ఉండలో, ఎండిన పేడ బెడ్డో, కొయ్య కణుపో ఉంటుంది. బియ్యపు గింజంత ఉన్నా చాలు, ఆ చోట తోలు పైకి లేస్తుంది. కత్తి సాఫీగా వస్తూ వస్తూ, ఆ లేచిన చుక్కను చెక్కేసి వెళ్ళిపోతుంది. చేతికి తేడా కూడా తెలియదు. ఎత్తి వెలుగుకు పట్టుకుంటే పెసరగింజంత బెజ్జం. అది డప్పు తోలయితే బిగించి కాచేసరికి అక్కడి నుంచే చీలుతుంది. దీనికి కత్తిని తిట్టి, ఇంకా ఖరీదైన కత్తి చేయించుకున్నవాళ్ళను చూశాను. వాళ్ళ దిమ్మ మీద అరచేతితో రాస్తే కణుపులు తగులుతున్నాయి.

ఊళ్ళలో చేతికందేది చెట్టు దుంగ. వేప, తుమ్మ లాంటివి బెరడు తీసి, చిత్రిక పట్టి, గాజు కాగితంతో నునుపు చేస్తే మంచి దిమ్మే. బరువుగా కదలకుండా ఉంటుంది, తోలు జారదు. ఆవు, గేదె తోళ్ళలాంటి పెద్దవాటికి ఇప్పటికీ దుంగే సరి. తాడి, కొబ్బరి దుంగలు మాత్రం పనికిరావు. వాటిలో మెత్తని భాగం అరిగిపోయి, నల్లటి గట్టి నార పోగులు పైకి లేస్తాయి, ప్రతి పోగూ ఒక కణుపే. ఏ కొయ్య అయినా తడిసి ఎండితే పగుళ్ళిస్తుంది, పోగు లేస్తుంది. కొవ్వు పీల్చుకుని ముక్క వాసన వేస్తుంది, రాత్రికి కుక్కలు చేరతాయి. అంటే దుంగను వాడిన ప్రతిసారీ కడిగి, ఆరబెట్టి, మళ్ళీ నునుపు చేసుకోవాలి.

పీవీసీ పైపును దిమ్మగా పెట్టుకుంటే ఇదంతా లేదు. మేకతోలు, గొర్రెతోలు వరకు నేను పైపు వైపే. ఆరంగుళాల పైపు, అంటే 160 మిల్లీమీటర్లది, ఐదడుగుల ముక్క కావాలి. డ్రైనేజీకి వేసే పల్చటి పైపు కత్తి కింద నొక్కుకుపోయి ఎగిరెగిరి పడుతుంది, అప్పుడు గీత గీతకూ కత్తి దూకుతుంది. బోరు నీళ్ళ లైన్లకు వేసే దళసరి పైపు తీసుకోండి, రైతుల షెడ్లలో మిగిలిన ముక్కలు పడి ఉంటాయి. లోపల ఇసుక నింపి రెండు మూతలు బిగిస్తే దుంగంత నిలకడ వస్తుంది. పైపు మీద ముద్రించిన అక్షరాలు, అతుకు గీత, గీతలు పడ్డ చోట్లు ఉంటే వాటిని కింది వైపుకు తిప్పేయండి. పని అయ్యాక సబ్బు నీళ్ళతో ఒక్కసారి కడిగితే చాలు.

పైపు మీద తోలు జారుతుందని ఫిర్యాదు. నిజమే. అందుకే దిమ్మ పై కొస మీ బొడ్డు ఎత్తుకు ఉండాలి, కింది కొస నేలకు ఆనాలి. తోలు మెడ వైపు నాలుగు వేళ్ళ మేర పై కొస మీదుగా మీవైపు వేలాడదీసి, పొట్టతో అదిమి పట్టుకోండి. మధ్యలో గోనెపట్టా ముక్కో, రబ్బరు ఏప్రనో ఉంటే పట్టు ఇంకా బాగుంటుంది. కత్తిని నిటారుగా పట్టి, చేతుల బలంతో కాకుండా ఒంటి బరువుతో ముందుకు తోయాలి. మెడ, వెన్ను దళసరి కాబట్టి అక్కడ మొదలుపెట్టండి. డొక్కలు, చంకల దగ్గరికి వచ్చేసరికి చేతికి పని తెలిసి ఉంటుంది. పల్చటివి అవే, చిల్లులు పడేవీ అక్కడే. తోలు పరిచిన ప్రతిసారీ ముందు దిమ్మను, తర్వాత తోలు అడుగును అరచేత్తో తడమండి. ఈ ఒక్క అలవాటు ఏ ఉక్కు కంటే ఎక్కువ తోళ్ళను కాపాడుతుంది.

తోలుబొమ్మలవాళ్ళకు ఇంకో మాట. మీకు కావలసింది దీపం వెలుగు అవతలికి రావడం. దిమ్మ మీద కండ తీశాక, తోలును చట్రంలో తాళ్ళతో లాగి కట్టి, ఆరుతుండగా రెండో విడత గీకాలి. ఇక్కడ కింద ఆనేది ఏమీ లేదు కాబట్టి కత్తి వేరు. బాడిసలా పిడికి అడ్డంగా బిగించిన చిత్రిక బ్లేడు బాగుంటుంది. దీనికి పదును ఎక్కువ ఉండొచ్చు, మూలలు మాత్రం గుండ్రమే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ కళను బతికిస్తున్న కుటుంబాలు ఉన్నాయి. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వీలైతే వెళ్ళి ఆ బొమ్మలను దీపం ముందు చూడండి, ఎంత పల్చన అంటే ఎంతో కంటితోనే తెలుస్తుంది. పాత బొమ్మలకు జింక తోలు వాడేవారు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అది నేరం, మేకతోలుతోనే సరిపెట్టుకోవాలి.

చట్రానికి సరుగుడు గుంజలైనా, రెండంగుళాల రీపర్లైనా ఒకటే. మూలలు గట్టిగా బిగిస్తే చాలు, తోలు ఆరేటప్పుడు లాగే బలం మీరు అనుకున్న దానికంటే ఎక్కువ.

డప్పుకు, బొమ్మకు ఊనే పని లేదు, పచ్చితోలే. సంచులకో చెప్పులకో ఊనేవాళ్ళు తొట్టి దగ్గర జాగ్రత్తపడాలి. తరతరాలుగా మాదిగవాడల లందల్లో, అంటే తోలు ఊనే తొట్లలో, తంగేడు చెక్క, కరక్కాయలతో సాగిన పని ఇది. మట్టి తొట్టి, ప్లాస్టిక్ డ్రమ్ము రెండూ మంచివే, ప్లాస్టిక్ తేలిక. ఇనుప డ్రమ్ము మాత్రం వద్దే వద్దు. తంగేడు చెక్కలోని వగరు ఇనుముతో కలిస్తే నల్లటి సిరా అవుతుంది, ఆ మరక తోలులోపలికి దిగుతుంది. తుప్పు మేకు, తుప్పు బకెట్, తుడవని కత్తి ఏది తగిలినా అంతే. సున్నంలోంచి తీసిన తోలును బాగా కడిగి, తవుడు నీళ్ళలో నానబెట్టి సున్నం వదిలించాకే చెక్క నీళ్ళలో వేయండి. మొదట పల్చటి కషాయం, తర్వాత తర్వాత చిక్కనిది. మొదటే చిక్కగా పోస్తే పైపొర బిగుసుకుని నడిమి పచ్చిగా మిగిలిపోతుంది.

ఒక్క తోలే చేసి చూద్దామనుకునేవాళ్ళు కమ్మరి దాకా వెళ్ళక్కర్లేదు. పైన చెప్పిన మెషీన్ రంపపు పాత హాక్సా బ్లేడు పళ్ళు అరగదీసి, రెండు కొసలకూ సైకిల్ ట్యూబు చుట్టుకోండి. ఖర్చు పెట్టదలిస్తే ఆ డబ్బు పైపుకు పెట్టండి.