ఎ మైనర్ సెవెన్ వాయిస్తే సి సిక్స్ అంటుంది: నాలుగేళ్లు వాడాక

ఈ సంగీత సాఫ్ట్‌వేర్ కొన్నది, నిజం చెప్పాలంటే, బద్ధకం కొద్దీ. కీబోర్డ్ మీద తోచింది వాయించుకుంటూ పోతే కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) పేర్లు అదే రాసిపెడుతుంది, వాటికి తగ్గ బేస్, డ్రమ్స్ అదే కట్టి వినిపిస్తుంది అన్నారు. నాలుగేళ్లు వాడాను. రాస్తుంది, వినిపిస్తుంది కూడా. కాకపోతే వాయించిందే రాస్తుందన్న నమ్మకం లేదు, రాసిందే వినిపిస్తుందన్న నమ్మకం అసలే లేదు. దాని పేరు చెప్పడం లేదు. ఇక్కడ రాసే తిప్పల్లో చాలావరకు ఈ తరహా సాఫ్ట్‌వేర్ ఏది వాడినా తప్పవు.

మొదటి గొడవ ఎ మైనర్ సెవెన్‌తో వచ్చింది. నేను వాయించిన ప్రతిసారీ సి సిక్స్ అని రాసేది. రెండు వారాలు తిట్టుకున్నాను, సపోర్ట్ వాళ్లకి ఘాటుగా ఓ మెయిల్ కూడా పెట్టాను. తర్వాత కాగితం మీద రాసుకుంటే సిగ్గేసింది. ఒకటేమో ఎ, సి, ఇ, జి. రెండోది సి, ఇ, జి, ఎ. అవే నాలుగు స్వరాలు! అడుగున ఏది మోగుతోందో దాన్నిబట్టే పేరు. నా బేస్ వేరే ట్రాక్‌లో ఉంది, డిటెక్షన్‌కి, అంటే కార్డ్ పేరు కనిపెట్టే పనికి, ఇచ్చింది కుడిచేతి ట్రాక్ ఒక్కటే, అందులో అన్నిటికన్నా కిందున్నది సి. పాపం, అది మాత్రం ఏం చేస్తుంది? బేస్ ట్రాక్‌ని కూడా కలిపి ఎంచుకుని, అట్టడుగు స్వరాన్నే రూట్‌గా (కార్డ్‌కి పేరిచ్చే స్వరంగా) తీసుకోమనే సెట్టింగ్ పెట్టాక ఆ పేచీ తీరింది. సి సస్ టూ, జి సస్ ఫోర్ కూడా ఇలాంటి కవలలే. డిమినిష్డ్ సెవెన్ అయితే మరీనూ, నాలుగు స్వరాల్లో దేన్ని రూట్ అన్నా చెల్లుతుంది. అక్కడ పేరు నేనే రాసుకుంటాను, దానితో వాదన పెట్టుకోను.

మిడి కీబోర్డ్ (శబ్దం బదులు మీటల సమాచారం పంపేది) అయితే ఏ మీట నొక్కామో దానికి అంకెల్లోనే అందుతుంది. గిటార్ రికార్డింగ్ ఇస్తే మాత్రం ఊహించుకోవాల్సిందే. ఒక్క సి స్వరం మీటినా అందులో మూడో హార్మోనిక్‌గా (అసలు స్వరంతోపాటు పుట్టే పై స్వరంగా) జి, ఐదో హార్మోనిక్‌గా ఇ సన్నగా మోగుతూనే ఉంటాయి, అంటే ఒంటరి స్వరంలోనే సి మేజర్ నీడ ఉంది. అందుకే నేను థర్డ్ (మేజరా మైనరా తేల్చే మధ్య స్వరం) వదిలేసి సి, జి మాత్రమే కొట్టిన చోటల్లా అది ధీమాగా సి మేజర్ అని రాసేది. సి మైనర్ పాటలో ఇదెంత అల్లరో ఊహించుకోండి. పైగా ఇలాంటి డిటెక్షన్ మామూలుగా అన్ని ఆక్టేవ్‌లనూ (స్థాయిలనూ) 12 స్వరాల్లోకి మడిచి చూస్తుంది. అడుగు స్వరం ఏదన్న ఆనవాలు ఆ మడతలోనే పోతుంది.

ఒకసారి గిటార్ శ్రుతి 40 సెంట్ల దాకా దిగి ఉంది, నేను గమనించలేదు. సెమిటోన్, అంటే పక్కపక్క మీటల మధ్య దూరమే 100 సెంట్లు, కాబట్టి అది ఎటూ తేల్చుకోలేక ఒకే బార్‌లో (ఒక తాళావర్తనంలో) ఇ, ఇ ఫ్లాట్ మార్చి మార్చి రాసింది. రిఫరెన్స్ పిచ్‌ని (అది శ్రుతికి కొలతగా తీసుకునే ఎ స్వరాన్ని) 440 హెర్ట్జ్ నుంచి 430కి దించగానే కుదురుకుంది. గమకాలతో పాడిన గొంతు ట్రాక్‌ని మాత్రం దీనికి ఇవ్వకండి. స్వరం జారిన ప్రతిచోటా ఓ కొత్త కార్డ్ పుట్టిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ కాలం నన్ను ఏడిపించింది, మీట వదిలినా స్వరాన్ని మోగనిచ్చే సస్టెయిన్ పెడల్. ఎఫ్ నుంచి జికి వెళ్లేటప్పుడు పెడల్ కాస్త ఆలస్యంగా వదిలామా, ఎఫ్, ఎ, సి ఇంకా మోగుతుండగానే జి, బి, డి వచ్చి కలుస్తాయి. ఆ కలగూరగంపకి అది పెట్టే పేరు చదవడానికే ఊపిరి చాలదు. ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. ట్రాక్‌కి నకలు తీసి, అందులో పెడల్ డేటా మొత్తం తుడిచేసి, గట్టిగా క్వాంటైజ్ చేసి (స్వరాలను తాళానికి కచ్చితంగా జరిపి), ఆ నకలు మీదే డిటెక్షన్ నడుపుతాను. అసలు ట్రాక్ జోలికి పోను. గ్రిడ్‌ని, అంటే కార్డ్ పేరు మారగల అంతరాన్ని, ఒక్కో బీట్‌కి కాకుండా అర బార్‌కి పెడతాను, దారిలో తగిలే ప్రతి స్వరానికీ కార్డ్ పేరు అక్కర్లేదు కదా. దిద్దుబాట్లు సగానికి పైగా తగ్గాయి. మాన్యువల్‌లో మాత్రం ఈ ముక్క ఎక్కడా లేదు.

ప్లేబ్యాక్‌లోనూ ఆ పెడలే దెయ్యం. పాట ఆపినా ఒక స్వరం మోగుతూనే ఉండేది. పానిక్ బటన్ నొక్కితే ఆల్ నోట్స్ ఆఫ్ (అన్ని స్వరాలూ ఆపమనే మిడి ఆదేశం), అంటే కంట్రోలర్ 123 వెళ్తుంది. అయినా ఆగేది కాదు. క్లిప్‌ని మధ్యలో కోసినప్పుడు పెడల్ నొక్కిన గుర్తు ఒక ముక్కలో, వదిలిన గుర్తు ఇంకో ముక్కలో పడుతున్నాయి. ఆ రెండో ముక్క తీసేస్తే, పెడల్ ఇంకా నొక్కే ఉందని శబ్దం పుట్టించే సింథ్ అనుకుంటుంది. పెడల్ నొక్కి ఉన్నంతసేపూ 123 వచ్చినా స్వరాన్ని పట్టి ఉంచాలన్నది మిడి నియమమే. కోసిన ముక్క చివర కంట్రోలర్ 64కి (అదే పెడల్) సున్నా రాస్తే దెయ్యం వదిలింది.

మిగతావి చిన్నవి. పాట మధ్య నుంచి మొదలుపెడితే వయొలిన్ బదులు పియానో పలికిందంటే, మొదటి బార్‌లో ఉన్న ప్రోగ్రామ్ ఛేంజ్‌ని (ఏ వాద్యమో చెప్పే ఆదేశాన్ని) అది వెనక్కి వెళ్లి చదవలేదని అర్థం. అలా వెనక్కి చూసే చేజ్ సెట్టింగ్ ఆన్ చేయండి. ఒకరోజు గిటార్ ఒక్కటే ఒకటిన్నర సెమిటోన్ పైకెక్కి, పరుగు కూడా అందుకుంది. 44,100 శాంపిల్ రేట్‌లో (సెకనుకి తీసే శబ్ద నమూనాలు) రికార్డ్ చేసిన ఫైల్‌ని మార్చకుండానే 48,000 ప్రాజెక్ట్‌లో పడేసింది నేనే. చిటపటలు వస్తే బఫర్ (శబ్దాన్ని ముందే సిద్ధం చేసుకునే నిల్వ) పెంచండి, రికార్డ్ చేసేటప్పుడు తగ్గించండి. అంతే.

అసలు కోపం వేరే ఉంది. కార్డ్ పేరు దిద్దుతాను, తెర మీద మారుతుంది, చెవికి మాత్రం పాతదే వినిపిస్తుంది. పేరుది ఒక పొర, ఆ పేరు చూసి అది కట్టిన బేస్, రిథమ్‌లది ఇంకో పొర, రెండోదాన్ని మళ్లీ కట్టమని మనమే చెప్పాలి. సి ఓవర్ ఇ (బేస్‌లో ఇ ఉన్న సి) అని రాసినా కొన్ని స్టైల్స్‌లో బేస్ సి దగ్గరే కూర్చుంటుంది. ఇదీ సర్దుకున్నాను. కానీ ట్రాక్‌లో ఎక్కడో ఒక్క స్వరం కదిపితే చాలు, మొత్తం పాటకి డిటెక్షన్ మళ్లీ నడిపి నా దిద్దుబాట్లన్నీ తుడిచేస్తుంది. ఒక సాయంత్రమంతా చేసిన పని అలా పోయింది. కార్డ్‌కి తాళం వేసే వీలుంది, కాదనను. కానీ ఒక్కోదాని మీద రైట్ క్లిక్ చేసి వేయాలి. పాటలో 96 కార్డ్‌లుంటే 96 తాళాలు! అన్నిటికీ కలిపి ఒక్క తాళం ఇవ్వమని అడిగి రెండేళ్లయింది. ఈలోగా కొత్త రంగుల థీమ్‌లు వచ్చాయి.

మరి ఇంకా ఎందుకు వాడుతున్నానంటే, దాని డ్రమ్స్ బాగుంటాయి, కార్డ్ పేరు చేత్తో టైప్ చేస్తే ఇచ్చే బేస్ ఇంకా బాగుంటుంది. మిడి వాయించేవాళ్లు, పేర్లు తామే సరిచూసుకోగలిగినవాళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు. రికార్డింగ్ పడేసి కార్డ్‌లు రాబట్టుకుందాం అనుకునేవాళ్లు ముందు ట్రయల్‌లో తమ పాటే పెట్టి చూడండి, వాళ్లిచ్చే డెమో పాట కాదు. నేనైతే కొత్త ప్రాజెక్ట్ తెరవగానే ముందు ఆటోమేటిక్ డిటెక్షన్ ఆపేస్తాను. డబ్బులు పెట్టింది దాని కోసమే.